పది నిమిషాలు, నా అభిప్రాయం పక్కన పెట్టి

మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబు నడిపే మేనేజర్ నోటి నుంచి వచ్చే మాటల్లో అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది తిట్టు కాదు. "శాంపిల్ తయారీలో ఎక్కడో తేడా వచ్చి ఉంటుంది, ఒకసారి చూడు" అనే మామూలు మాట. వినడానికి సాయం చేస్తున్నట్టే ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లందరూ అనే మాటే. కానీ ఆ మాట అన్న క్షణం నుంచి ఎదుట నిలబడ్డ అనలిస్ట్, అంటే ఆ పరీక్ష చేసిన ఉద్యోగి, తన ఫ్లాస్కును చూడడం మానేసి మేనేజర్ ఊహను చూడడం మొదలుపెడుతుంది. అరగంట తర్వాత వచ్చి "అవును మేడమ్, డైల్యూషన్‌లో పొరపాటు జరిగి ఉండొచ్చు" అంటుంది. ఆ "ఉండొచ్చు" కాస్తా నివేదికలోకి వెళ్లేసరికి "జరిగింది" అవుతుంది. బ్యాచ్‌ను మళ్లీ పరీక్షిస్తారు, పాసవుతుంది, లారీ ఎక్కుతుంది. అసలు ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

ఆఫీసుల్లో కోచింగ్ సంభాషణలని పిలిచే పద్ధతి గురించి, అంటే సలహా ఇవ్వకుండా, దారి చూపకుండా, నాలుగు ప్రశ్నలు అడిగి వినడం గురించి శిక్షణ తరగతుల్లో చాలా చెబుతారు. ఉద్యోగుల ఎదుగుదల, ఉత్సాహం, సంస్థ పట్ల మమకారం. వాటితో నాకు పేచీ లేదు. కానీ ఆ కారణాలు చెప్పి ఒప్పించబోతే, పని ఒత్తిడిలో ఉన్న ఏ మేనేజరైనా "తీరిక దొరికినప్పుడు చేద్దాం" అని పక్కన పెడతారు. నేను దీన్ని సమర్థించేది అంతకంటే ముందు వచ్చే కారణంతో. పనికి దగ్గరగా ఉన్న మనిషి చూసింది పైవాళ్ల దాకా చేరాలంటే, పైవాళ్లు మొదట మాట్లాడకూడదు. నిజం కావాలనుకునే మేనేజర్‌కు ఇది తప్పనిసరి క్రమశిక్షణ.

అనుభవమున్న మేనేజర్ ఊహ చాలాసార్లు సరైనదే అవుతుంది కదా అని అడగవచ్చు. అవుతుంది. శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాల మధ్య ఏళ్ల తరబడి గడిపినవారికి, అవి గీసే గ్రాఫులో పీకు ఆకారం చూడగానే నాలుగు అనుమానాలు రాకుండా ఉండవు. ఊహ తప్పుతుందన్నది నా భయం కాదు. సరైన ఊహైనా, తప్పుడు ఊహైనా, ఒకసారి పైవాళ్ల నోటి నుంచి బయటికి వచ్చాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన మాటే జూనియర్ నోటి నుంచి తిరిగి మన చెవికి చేరుతుంది. దాన్ని మనం సాక్ష్యం అనుకుంటాం.

మా రంగంలో ఈ సంగతి చట్టం దాకా వెళ్లింది. 1993లో బార్ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో న్యూజెర్సీలోని ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పును పరవాడ నుంచి జడ్చర్ల దాకా ఏ ల్యాబులో శిక్షణ జరిగినా ప్రస్తావిస్తారు. నిర్దేశించిన పరిమితి దాటి ఫలితం వస్తే, కారణం తేల్చకుండా, పాసయ్యేదాకా పరీక్షిస్తూ పోవడం కుదరదని జడ్జి వోలిన్ తేల్చి చెప్పారు. ఇలాంటి ఫలితాన్ని మేం ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) అంటాం. వీటిని ఎలా దర్యాప్తు చేయాలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006 అక్టోబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది, 2022 మేలో వాటిని సవరించింది. అందులో సూపర్‌వైజర్ బాధ్యతలు చెప్పే చోట, పరిశీలన నిష్పాక్షికంగా ఉండాలని, కారణం గురించి ముందస్తు ఊహలేవీ పెట్టుకోకూడదని స్పష్టంగా ఉంది. ఆ వెంటనే, పద్ధతి గురించి అనలిస్ట్‌తో చర్చించమని ఉంది. ఈ రెండూ కలిపి చదివితే ఏమవుతుంది? ముందస్తు ఊహ లేకుండా కింది ఉద్యోగితో మాట్లాడడం. అంటే దారి చూపని సంభాషణే. శిక్షణ తరగతుల్లో మెత్తని నైపుణ్యంగా లెక్కగట్టే ఈ విషయాన్ని నియంత్రణ సంస్థ ఎంతో ముందే దర్యాప్తు మార్గదర్శకాల్లోనే రాసి పెట్టింది.

ఒక సంభాషణను దగ్గర నుంచి చూపిస్తాను. రాత్రి షిఫ్టు ముగిసే వేళ. టాబ్లెట్లలో మందు శాతం చూసే ఎస్సే పరీక్ష. పరిమితి 95 నుంచి 105 శాతం. రెండు శాంపిళ్లలో ఒకటి 98.7, రెండోది 91.4. ప్రొడక్షన్ వాళ్లు అప్పటికే ఫోన్లు చేస్తున్నారు. రెండేళ్ల అనుభవం ఉన్న అమ్మాయి నా దగ్గరికి వచ్చి అడిగిన మొదటి మాట, "ఫెయిలైంది మేడమ్. మళ్లీ ఇంజెక్ట్ చేయమంటారా?" శాంపిల్‌ను యంత్రంలోకి మళ్లీ ఎక్కించమంటారా అని.

"ఆ సంగతి తర్వాత చూద్దాం అమ్మా. శాంపిల్ తూకం వేసిన దగ్గరి నుంచి ఏం చేశావో చెప్పు."

"ఇరవై టాబ్లెట్లు పొడి చేశాను మేడమ్. తూకం వేసి వంద ఎంఎల్ ఫ్లాస్కుల్లో వేశాను. డైల్యూయెంట్ పోసి ఇరవై నిమిషాలు సోనికేట్ చేశాను. చల్లారాక వాల్యూమ్ సరిచేసి ఫిల్టర్ చేశాను."

డైల్యూయెంట్ అంటే కరిగించే ద్రవం, సోనికేట్ చేయడమంటే ఫ్లాస్కును శబ్ద తరంగాలతో కుదిపి మందు కరిగేలా చేయడం. అక్షరం పొల్లుపోకుండా ఎస్‌ఓపీ, అంటే పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి, అప్పజెప్పింది. అందులో తన కళ్లు చూసింది ఒక్కటీ లేదు.

"ఇది పద్ధతిలో రాసి ఉన్నదే కదా. నీకు ఏం కనిపించింది?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "ఒక ఫ్లాస్కులో అడుగున కొద్దిగా ముద్దలా కనిపించింది మేడమ్. రెండోదాంట్లో లేదు."

"ఇంకా?"

"పొడి చేసేటప్పుడు టాబ్లెట్లు మామూలుకంటే గట్టిగా అనిపించాయి."

"ఇంకా?"

"సోనికేటర్ నిండా అందరి ఫ్లాస్కులూ ఉన్నాయి. నాది ఒకటి మూలన పెట్టాల్సి వచ్చింది."

"సరే. ఇప్పుడు ఏం చూస్తే అసలు సంగతి తెలుస్తుందని నీకనిపిస్తోంది?"

"ఆ ఫ్లాస్కులు పారేయలేదు మేడమ్. తక్కువ వచ్చినదాన్ని మరికొంతసేపు సోనికేట్ చేసి చూస్తే, మందు పూర్తిగా బయటికి వచ్చిందో లేదో తెలుస్తుంది."

"అది చేసే ముందు ఏం కావాలి?"

"ఏం చేయబోతున్నామో, ఎందుకో రాసి క్యూఏ (క్వాలిటీ అస్యూరెన్స్) విభాగం ఆమోదం తీసుకోవాలి."

మొత్తం ఏడెనిమిది నిమిషాలు. నేను ఒక్క కారణం కూడా సూచించలేదు. ఆమె చెప్పిన మూడు సంగతులూ అప్పటిదాకా ఏ కాగితం మీదా లేవు. ముద్ద సంగతి, గట్టిదనం సంగతి, సోనికేటర్ మూల సంగతి. ఆ మూడూ ఆమె దగ్గరే ఉన్నాయి, అడగకపోతే ఆమెతోపాటే ఉదయం బస్సెక్కి వెళ్లిపోయేవి. ఆమోదం తీసుకుని, ఫ్లాస్కును మళ్లీ సోనికేట్ చేస్తే ఫలితం పరిమితిలోకి వచ్చింది. కథ అక్కడితో ముగియలేదు, ముగియకూడదు కూడా. మందు పూర్తిగా బయటికి రాలేదంటే అసలు పరీక్ష పద్ధతి మీదే ప్రశ్న లేస్తుంది. పద్ధతి తయారుచేసిన విభాగానికి పంపాం. సోనికేటర్‌లో ఒకసారికి ఎన్ని ఫ్లాస్కులు పెట్టవచ్చో అప్పటిదాకా ఎక్కడా రాసి లేదు, అది రాశారు. ప్రొడక్షన్ నుంచి కంప్రెషన్ రికార్డులు, అంటే టాబ్లెట్లు అచ్చొత్తినప్పటివి, తెప్పిస్తే గట్టిదనం పరిమితిలోనే ఉంది, కానీ పై అంచున. అనలిస్ట్ వేళ్లకు తెలిసింది రికార్డులో కూడా ఉంది. ఎవరూ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదంతే.

ఆ అమ్మాయి మొదట ఎస్‌ఓపీ అప్పజెప్పడం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి మన ఆఫీసుల్లో ఎక్కడ చతికిలపడుతుందో అక్కడే తెలుస్తుంది. మన చదువుల్లో ప్రశ్న అంటే వైవా. ప్రాక్టికల్ పరీక్ష రోజున రికార్డు పుస్తకం చేతిలో పట్టుకుని నలుగురు వరుసగా నిలబడతారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడుగుతారు. జవాబు ఆయనకు ముందే తెలుసు. విద్యార్థి చేయాల్సింది ఆయన మనసులో ఉన్న మాట పట్టుకోవడం, అందుకే పాఠం కంటే ఆయన ముఖం ఎక్కువ చదువుతాడు. ఉద్యోగంలో చేరాక ఇది ఇంకా బలపడుతుంది. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే మా రంగంలో అందరికీ ఇచ్చే మొదటి శిక్షణ ఏమిటి? "అడిగినదానికే జవాబు చెప్పండి. ఒక్క మాట ఎక్కువ చెప్పకండి." సోమవారం ఆ శిక్షణ ఇచ్చి, మంగళవారం మేనేజర్ నవ్వుతూ "మనసులో ఉన్నది చెప్పమ్మా" అంటే ఎవరు చెబుతారు? అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు.

కాబట్టి మన దగ్గర ప్రశ్న అడిగితే చాలదు. ఇది వైవా కాదని ఎదుటివారికి అర్థమయ్యేలా అడగాలి. నేను క్యాబిన్‌లోకి పిలిపించను. బల్లకు అటూ ఇటూ కూర్చుంటే మాట మొదలు కాకముందే హోదాలు గుర్తొస్తాయి. ల్యాబులోనే, ఇద్దరం ఒకే స్క్రీను వైపో, ఒకే ఫ్లాస్కు వైపో చూస్తూ నిలబడతాం. పెన్ను జేబులోనే ఉంటుంది. "నువ్వు దగ్గరుండి చూశావు, నేను చూడలేదు" అని మొదటే చెబుతాను, అది అక్షరాలా నిజం కనుక. మొదటి జవాబు పనికిరానిదైనా సరిదిద్దను. సరిదిద్దితే రెండో జవాబు రాదు. రెండోదీ మూడోదీ వచ్చేదాకా ఆగితేనే పనికొచ్చేది బయటికొస్తుంది, పై సంభాషణలో "ఇంకా?" అన్న చిన్న మాట చేసిన పని అదే.

మౌనం గురించి ఒక పరిశోధన నాకు ఎంతో ఇష్టం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు తరగతి గదుల టేపులు విని 1970లలో ఒక సంగతి బయటపెట్టారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారట. ఆ వెంటనే తామే చెప్పేయడమో, మరొకరిని అడగడమో చేస్తున్నారు. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పొడవవుతాయి, జవాబు చెప్పలేకపోయేవారు తగ్గుతారు, తమంతట తాము ఊహించి చెప్పడం పెరుగుతుంది. మూడు సెకన్లంటే మనకు చాలా తక్కువ అనిపిస్తుంది. ఫోను మోగుతుండగా, లారీ గేటు దగ్గర ఎదురుచూస్తుండగా, ఎదుటి మనిషి నేల చూస్తుండగా మూడు సెకన్లు నోరు మెదపకుండా నిలబడి చూడండి. మేనేజర్ ఉద్యోగంలో అంతకంటే పొడవైన సమయం మరొకటి ఉండదు.

ప్రశ్న ఎలా మొదలవుతుందన్నది కూడా ముఖ్యమే. "ఎందుకు ఆలస్యమైంది?" అంటే సంజాయిషీ వస్తుంది. "ఎక్కడ ఆగింది?" అంటే సమాచారం వస్తుంది. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇది దర్యాప్తులకే పనికొస్తుందని అనుకోకండి. మా ల్యాబులో డేటా రివ్యూ చూసే సీనియర్ ఒకాయన ఉన్నారు. అనలిస్టులు చేసిన పరీక్షల కాగితాలు, యంత్రాలు గీసిన గ్రాఫులు (క్రొమాటోగ్రాములు) అన్నీ ఆయన సరిచూసి సంతకం పెడితేనే ఫలితం బయటికి వెళుతుంది. కాగితాలు గుట్టలు పడుతున్నాయి. ఇంకొక రివ్యూయర్‌ను ఇవ్వాలన్నది నా మనసులోని మాట. దాన్ని అక్కడే ఉంచి, "పది నిమిషాలు మాట్లాడుకుందాం. ఈ పది నిమిషాల్లో ఏం తేలితే మీకు ఉపయోగం?" అని అడిగాను. ఆయన కూడా మొదట మనిషినే అడిగారు. "ఇస్తే ఏం మారుతుంది?" అన్నాను. ఆయన ఆలోచించి, "నిజానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నా దగ్గర పనే ఉండదు మేడమ్. సాయంత్రం నాలుగు తర్వాత అన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి" అన్నారు.

అక్కడి నుంచి ఆయనే లాక్కొచ్చారు. అన్ని యంత్రాల మీద సీక్వెన్సులు, అంటే వరుసగా నడవాల్సిన శాంపిళ్లు, సాయంత్రమే పెడుతున్నారు. రాత్రంతా నడిచి ఉదయానికి పూర్తవుతాయి. అనలిస్టులు సాయంత్రం దాకా లెక్కలు కట్టి అందరూ ఒకే వేళకు కాగితాలు తెస్తారు. కొన్ని యంత్రాల మీదైనా సీక్వెన్సు మధ్యాహ్నం మొదలుపెడితే అవి రాత్రికే పూర్తవుతాయి, రాత్రి షిఫ్టువాళ్లు లెక్కలు కట్టి పెడితే పొద్దున తన చేతికి పని వస్తుంది. ఏ యంత్రాలు ముందుగా మార్చవచ్చో కూడా ఆయనే చెప్పారు, ఏ అనలిస్ట్ దీనికి ఒప్పుకోడో కూడా చెప్పారు. నేను మనిషిని ఇచ్చి ఉంటే సాయంత్రం నాలుగింటికి ఇద్దరు మునిగిపోయేవారు. పొద్దున ఇద్దరు ఖాళీగా కూర్చునేవారు.

ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా ఒక మిత్రుడు "ఆయనకు అంతా తెలిసినప్పుడు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని అడుగుతుంటాడు. ఆయనకు తెలిసినవన్నీ విడివిడి ముక్కలు. తన సమస్య గురించి చివరిదాకా ఒక్కసారైనా గట్టిగా మాట్లాడే వీలు ఆయనకు దొరకలేదు. సమావేశాల్లో "రివ్యూ పెండింగ్ ఎంత?" అని అంకె అడుగుతారు. అంకె చెప్పి కూర్చుంటారు. ఎవరైనా ఆసక్తిగా వింటుంటే మనిషి తను చెబుతున్నది తనే మొదటిసారి వింటాడు. ఆ వినడంలోనే ముక్కలు కలుస్తాయి.

సలహా ఇవ్వని సంభాషణ అన్న ఆలోచన పుట్టింది ఆఫీసుల్లో కాదు. అమెరికాలో మానసిక చికిత్స చేసే కార్ల్ రోజర్స్ 1942 నాటికే దీన్ని ఒక పద్ధతిగా ప్రతిపాదించారు. వచ్చినవారికి దారి చూపడం చికిత్సకుడి పని కాదని, వారు తమ దారి తాము చూసుకునే వాతావరణం కల్పించడమే పని అని ఆయన వాదన. 1974లో టిమోతీ గాల్వే టెన్నిస్ నేర్పడంలో ఇలాంటి మార్గమే పట్టారు. రాకెట్ ఇలా పట్టుకో, మోచెయ్యి అలా తిప్పు అనే ఆదేశాలు తగ్గించి, బంతి వస్తున్న తీరు గమనించమని శిష్యుడి దృష్టిని అటు తిప్పేవారు. కారు రేసుల నుంచి వచ్చిన జాన్ విట్‌మోర్ వంటివారు బ్రిటన్‌లో దీన్ని కంపెనీల్లోకి తెచ్చారు. ఈ ప్రయాణంలో ఒక తేడా మరుగున పడిపోయిందని నా గట్టి అభిప్రాయం. రోజర్స్ దగ్గరికి వచ్చినవారు నచ్చకపోతే లేచి వెళ్లిపోగలరు. టెన్నిస్ శిష్యుడు వేరే గురువును చూసుకోగలడు. నా ఎదుట నిలబడ్డ అనలిస్ట్‌కు ఆ స్వేచ్ఛ లేదు. ఏడాది చివర ఆమె అప్రైజల్ రాసేది నేనే. జీతం ఎంత పెరగాలో నా సంతకం మీద ఆధారపడుతుంది. నేను ఎంత మెత్తగా అడిగినా ఆ సంతకం మా ఇద్దరి మధ్య ఉంటుంది.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. మొదటే నిజం చెప్పడం. "ఈ విషయంలో నిర్ణయం నీది, నువ్వు ఏది చెబితే అది చేద్దాం." లేదా, "నిర్ణయం నాది, తీసుకునే ముందు నువ్వు చూసింది నాకు కావాలి." లేదా, "ఇది పై నుంచి వచ్చిన నిర్ణయం, మార్చలేం, ఎలా అమలు చేయాలన్నది మాత్రం మన చేతిలో ఉంది." ఈ మూడింటిలో ఏదైనా పెద్దమనిషి మాటే. మూడోదాన్ని మొదటిదానిలా నటించడం మాత్రం అన్యాయం. ఆదివారం షిఫ్టు వేయాలని ముందే నిర్ణయించుకుని, "వచ్చే వారం పని పూర్తికావాలంటే నీకేమనిపిస్తోంది?" అని అడిగి, "ఆదివారం రావాలేమో సార్" అని అతని నోటితోనే అనిపించే మేనేజర్లు ఉన్నారు. అది ఆదేశం కంటే హీనమైనది. ఆదేశిస్తే కనీసం అవతలి మనిషికి కోపగించుకునే హక్కు మిగులుతుంది. ఇక్కడ అదీ లాగేసుకున్నారు. ఒక్కసారి ఇలా జరిగితే ఆ మేనేజర్ అడిగే ప్రతి ప్రశ్నలోనూ వల వెతుకుతారు, వెతకడం సబబే.

ఇంకొక అన్యాయం కూడా కోచింగ్ ముసుగులో జరుగుతుంది. నాకు దీని మీద ఎక్కువ కోపం. సంభాషణ చివర "నా నుంచి నీకు ఏం కావాలి?" అని అడగడం ఈ పద్ధతిలో భాగం. చాలామంది అడుగుతారు కూడా. ఎదుటివాళ్లు చెబుతారు. సోనికేటర్ ఒకటి పాడై మూలన పడి ఉంది, బాగుచేయించండి. యంత్రాల్లో వాడే కాలమ్‌లు పాతబడ్డాయి, కొత్తవి కావాలి. ప్రొడక్షన్ వాళ్లు నేరుగా నాకు ఫోను చేయకుండా చూడండి. అప్పుడు మేనేజర్ తలూపి, "నీ చేతిలో ఉన్నవాటి గురించి ఆలోచిద్దాం" అంటాడు. బడ్జెట్ అడగలేని, పై అధికారితో పేచీ పెట్టుకోలేని మేనేజర్‌కు ఇది భలే అనువైన వాక్యం. దారి చూపకపోవడం వేరు, దారిలో అడ్డుగా పడి ఉన్న బండను తీయకపోవడం వేరు. బండను తీయడానికి జీతం తీసుకుంటున్నది మేనేజరే. సోనికేటర్ బాగుపడకపోతే, తర్వాతిసారి "ఏం కావాలి?" అని అడిగినప్పుడు "ఏమీ వద్దు మేడమ్" అన్న జవాబే వస్తుంది. అప్పుడు మనవాళ్లు చొరవ చూపరని ఫిర్యాదు చేయడానికి మనకు నోరుండదు.

అడగకూడని వేళలు కూడా ఉన్నాయి, వాటి గురించి పెద్దగా వాదించనక్కర్లేదు. త్వరగా మంటలంటుకునే అసిటోనైట్రైల్ ద్రావకం సీసా పగిలి నేల మీద పారుతుంటే "ఏం చేద్దామనుకుంటున్నావు?" అని ఎవరూ అడగరు, అందరినీ బయటికి పంపుతారు. నిన్న చేరిన కుర్రాడికి బఫర్ పీహెచ్ ఎలా సరిచేయాలో తెలియకపోతే పక్కన నిలబడి నేర్పాలి. తెలియని మనిషిని ప్రశ్నలతో చుట్టుముట్టడం క్రూరత్వం. అనుమతి లేకుండా ఎవరైనా శాంపిల్‌ను యంత్రంలోకి ఎక్కించి చూసుకున్నట్టు ఆడిట్ ట్రయల్‌లో, అంటే యంత్రం దానంతట అదే రాసుకునే చిట్టాలో, కనిపిస్తే అది విచారణ. దానికి నియమాలున్నాయి, రాతపూర్వకంగా జరగాలి. స్నేహపూర్వకమైన పది నిమిషాల మాటలతో అతని నోటి నుంచి ఒప్పుకోలు రాబట్టి తర్వాత దాన్ని ఫైల్లో పెడితే, ల్యాబులో మరెవరూ నాతో మనసు విప్పి మాట్లాడరు. ఇంటి కష్టాలు చెప్పుకుంటే వినాలి, సెలవు ఇవ్వగలిగితే ఇవ్వాలి, తెలిసిన డాక్టరో లాయరో ఉంటే చెప్పాలి. వాటికి ప్రశ్నలడిగి పరిష్కారం రాబట్టే యోగ్యత మేనేజర్ కుర్చీతో రాదు.

"అన్నీ అడుగుతూ కూర్చుంటే మేడమ్‌కు ఏమీ తెలియదనుకుంటారు" అని ఒక తోటి మేనేజర్ నన్ను హెచ్చరించారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. మన దగ్గర పెద్దరికం చెప్పడంలో ఉంటుంది. వయసులో చిన్న, ఆడమనిషి, పైగా కొత్తగా పదోన్నతి వచ్చిందంటే అడిగే ప్రతి ప్రశ్నా అసమర్థతగా లెక్కలోకి వస్తుందేమోనన్న బెంగ ఉంటుంది. దానికి నా జవాబు: తెలిసిన చోట తెలిసినట్టు చెప్పండి. పద్ధతి ఏమిటి, పరిమితి ఏమిటి, చట్టం ఏమంటోంది, ఇవి అడిగితే తడుముకోకుండా చెప్పాలి. నేను అడగమంటున్నది నేను చూడని వాటి గురించి. ఈ ఫ్లాస్కులో ఏముంది, ఈ ఆలస్యం ఎక్కడ మొదలైంది, ఈ పని నీకు ఎక్కడ కష్టంగా ఉంది. వీటికి జవాబు నాకు ముందే తెలుసని నటిస్తేనే ల్యాబులో పరువు పోతుంది. బెంచీ మీద పనిచేసేవాళ్లు దాన్ని ఇట్టే పసిగడతారు.

ఇక సమయం. "పది నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి?" అనేవారికి, నివేదిక మూడుసార్లు తిరిగి రాయడానికి పట్టే సమయం లెక్క కట్టుకోమని చెబుతాను. పొట్టిగా ఉండడం ఈ పద్ధతికి లోపం కాదు, బలం. ఒకే విషయం, ఒకే పూట. అడిగేవాటికి హద్దు ఉంటుంది కనుక ఎదుటివారికి బెదురు ఉండదు. గంట పట్టిందంటే చాలా మటుకు మేనేజరే మాట్లాడుతున్నట్టు లెక్క.

ఈ మధ్య హెచ్ఆర్ విభాగం వాళ్లు ఉత్సాహంగా ఒక ప్రతిపాదన తెచ్చారు. ప్రతి మేనేజర్ నెలకు ఇన్ని కోచింగ్ సంభాషణలు జరపాలని, ఒక ఫారం నింపాలని, అందులో ఉద్యోగి సంతకం ఉండాలని. వాళ్ల ఉద్దేశం మంచిదే. నేను వ్యతిరేకించాను. సంతకం అనగానే అది వైవా అవుతుంది. లెక్క అనగానే నెలాఖరున అందరినీ వరుసగా పిలిచి పది నిమిషాల చొప్పున కూర్చోబెడతారు, ఫారంలో ఒకరివి చూసి ఒకరు రాస్తారు. మా రంగంలో కాగితం మీద లేనిది జరగనట్టే అన్న నియమం ఉంది. పరీక్షల విషయంలో దానికి తలవంచుతాను. దర్యాప్తులో తేలిన ప్రతి సంగతీ రికార్డులోకి ఎక్కాల్సిందే. అక్కడిదాకా తీసుకెళ్లే మాటల మీద మాత్రం ఆ ముద్ర పడకూడదు.

ఫారానికి బదులు నేను అడిగింది వేరు. ఇప్పుడు రాత్రి షిఫ్టువాళ్లు వెళ్లే బస్సు గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడి ఉంటుంది. పొద్దున షిఫ్టువాళ్లు గౌను వేసుకుని లోపలికి వచ్చేసరికి వాళ్లు బయట ఉంటారు. చూసినది చెప్పడానికి మనిషి ఉండడు, వినడానికి మనిషి ఉండడు, మిగిలేది లాగ్‌బుక్కులో ఒక గీత. ఆ బస్సును పదిహేను నిమిషాలు ఆలస్యంగా బయలుదేరదీయాలి. ఆ పదిహేను నిమిషాలకు అందరికీ జీతం లెక్కకట్టాలి. సీనియర్లకు ఆ సమయంలో వేరే సమావేశాలు పెట్టకూడదు. ప్లాంటు హెడ్ ఖర్చు ఎంతవుతుందో లెక్క వేసి తెమ్మన్నారు. డ్రైవరుతో, కాంట్రాక్టరుతో మాట్లాడి ఆ లెక్క తయారుచేస్తున్నాను. అందులో రాత్రి షిఫ్టువాళ్లు ఏమంటారన్నది ఇంకా రాయలేదు. వాళ్లను అడగాలి. పదిహేను నిమిషాలు ఇంటికి ఆలస్యంగా వెళ్లేది వాళ్లే.